కెరటోకోనస్‌కి ఏ లెన్స్? బరువు ఎక్కడ మోపుతుందో చూసి ఎంచుకోండి

మొన్న రావులపాలెం నుంచి బావగారు ఫోన్ చేశారు. మేనల్లుడికి కెరటోకోనస్ అని, అంటే కంటి ముందు పొర పలచబడి మొన తేలే జబ్బని తేలిందట. వాడికి పదిహేడేళ్లు. "నీకు లెన్సులతో పదిహేనేళ్ల అనుభవం ఉంది కదరా, మంచి లెన్స్ ఏదో పేరు చెప్పు, రేటెంతైనా కొనేద్దాం" అన్నారు. మాది పాలకొల్లులో రొయ్యల మేత, మందుల కొట్టు. ఇలాంటి ప్రశ్న రోజూ వింటాను. ఏ మేత మంచిదండీ అని రైతు అడిగితే నీళ్లలో ఉప్పెంత, రొయ్య ఏ కౌంట్‌లో ఉంది, అంటే కిలోకి ఎన్ని తూగుతాయి అని తిరిగి అడగాలి. అడక్కుండా బస్తా దింపేవాడు సరుకు వదిలించుకుంటున్నాడని అర్థం.

లెన్స్ కూడా అంతే. నాకు కుడి కంట్లో చిన్న ఆర్‌జీపీ లెన్స్ ఉంది, అంటే గాలిని పోనిచ్చే గట్టి లెన్స్. ఎడమ కంట్లో తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్స్. రెండూ గట్టివే. ఒక్క మనిషికి రెండు రకాలెందుకని చూసినవాళ్లంతా అడుగుతారు. ఎందుకో చెబితే బావగారి ప్రశ్నకీ జవాబు వస్తుందని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇక్కడ రాసేది పరీక్షకు వెళ్లినప్పుడు ఏం అడగాలో తెలియడానికి.

ఆపడం వేరు, చూడటం వేరు

నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. మామూలు కంట్లో మధ్యభాగం మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకి కాస్త పైన. కెరటోకోనస్‌లో అది పలచబడుతూ, నడిమికి కొంచెం దిగువన ముందుకు పొడుచుకొస్తుంది. గుండ్రంగా ఉండాల్సినది మొన తేలుతుంది. ఎక్కువగా టీనేజీలో మొదలై, ముప్ఫై నలభై ఏళ్ల మధ్య ఎక్కడో నిలకడ పడుతుంది. దాదాపు అందరికీ రెండు కళ్లకూ వస్తుంది గానీ ఒక కంట్లో ముదిరినంత రెండో కంట్లో ముదరదు. ఆరు నెలలకోసారి అద్దాల పవర్ మారుతోందంటే, అందులో వంకరని సరిదిద్దే సిలిండర్ పవర్ పెరుగుతోందంటే అనుమానించాలి. నాకైతే చించినాడ వంతెన మీద ఎదురొచ్చే లారీకి రెండు లైట్ల బదులు తోకలున్న ఏడెనిమిది లైట్లు కనపడేవి. రాత్రి బండి నడపడం మానేశాకే పరీక్షకు వెళ్లాను.

ఇక్కడ రెండు పనులున్నాయి. ఒకటి, ఆ మొన ఇంకా ముదరకుండా ఆపడం. రెండు, ఉన్న కంటితో సరిగ్గా చూడటం. గట్టి లెన్స్ రెండో పని మాత్రమే చేస్తుంది. "లెన్స్ పెట్టుకుంటే మొన లోపలికి నొక్కుకుపోయి అక్కడే ఆగిపోతుంది" అని నాకు మొదట్లో గట్టిగా చెప్పారు, నేనూ నమ్మాను. అది నిజం కాదు. లెన్స్ కింద రోగం తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది.

ఆపే పనికి ఉన్నది క్రాస్‌లింకింగ్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టిన పద్ధతి. కెరటోకోనస్ రోగుల మీద దాని ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. కార్నియా పైచర్మం తీసి, రైబోఫ్లేవిన్ చుక్కలు, అంటే బి2 విటమిన్, నానేలా వేసి, అరగంట అతినీలలోహిత కాంతి పెడతారు. దాంతో లోపలి పోగుల మధ్య ముడులు గట్టిపడతాయి. ఈ మొదటి పద్ధతికి కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. ఆలస్యం చేస్తే ఆ అవకాశమే చేజారవచ్చు. తర్వాత మూడు నాలుగు రోజులు నొప్పి, నీళ్లు కారడం తప్పవు. చూపు బాగుపడుతుందని వెళ్తే నిరాశపడతారు, ఉన్నది నిలబెట్టడానికే వెళ్లాలి. నాకు పంతొమ్మిదో ఏట ఎవరూ ఈ మాట చెప్పలేదు. లెన్స్ అమ్మారు, అంతే.

కాబట్టి పదిహేడేళ్ల కుర్రాడికి లెన్స్ పేరు అడగడం తర్వాతి సంగతి. రోగం ముదురుతోందా అని ముందు అడగాలి. ఆ వయసులో వేగం ఎక్కువ. అదీ కాక వాడు కళ్లు నలుపుకుంటాడు, నేను చూశాను, వేలి కణుపుతో గుండ్రంగా తిప్పి మరీ. అలా నలిపితే మొన ఇంకా ముదురుతుంది, అది మానకపోతే ఏం కొన్నా దండగే. దురదకి మందుల షాపులో అడిగి ఏదో చుక్కలు తెచ్చి నెలల తరబడి వేసేయడం మన వైపు మామూలైపోయింది. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎలర్జీకి మందు డాక్టరు రాసిందే వేయాలి.

అద్దాలు, మెత్తటి లెన్సులు

మొదటి దశలో అద్దాలు చాలు. సిగ్గుపడి లెన్స్‌కి పరిగెత్తక్కర్లేదు. మెత్తటి లెన్స్ కార్నియా మీద పడుకుని అదే ఆకారం తెచ్చుకుంటుంది. అంటే కింద ఉన్న వంకర పైకీ వస్తుంది. కెరటోకోనస్ కోసం మందంగా చేసిన ప్రత్యేక మెత్తటి లెన్సులు ఉన్నాయి, కొందరికి అవి సరిపోతాయి. ముదిరిన కంటికి అవి చాలవు.

దమ్ము చేసిన చేలో నీళ్లు

గట్టి లెన్స్ ఎలా పనిచేస్తుందో ఆసుపత్రిలో బొమ్మ గీసి చెబితే నాకు అర్థం కాలేదు. సార్వా ఊడ్పుల ముందు చేను చూసినప్పుడు అర్థమైంది. దమ్ము చేసిన చేలో ఎన్ని మిట్టపల్లాలున్నా, నీళ్లు పెట్టగానే పైన అద్దంలా ఉంటుంది, ఆకాశం కనపడుతుంది. గట్టి లెన్స్‌కీ కార్నియాకీ మధ్య కన్నీరు అలాగే నిండుతుంది. కన్నీటికీ కార్నియాకీ వెలుతురుని వంచే గుణం దాదాపు ఒకటే కాబట్టి కింది మిట్టపల్లాల లెక్క చాలావరకు చెరిగిపోతుంది. వెలుతురుకి తగిలేది లెన్స్ నున్నటి పైభాగమే. అద్దాలతో చార్టులో పై రెండు వరుసలే చదివేవాడు కింది వరుసలదాకా దిగిపోవడం అందుకే. పూర్తి చూపు, అంటే 6/6, కొందరికి రాదు. కార్నియా వెనకవైపు వంకర అలాగే ఉండిపోతుంది, మచ్చ ఉంటే అదీ అడ్డే.

నీళ్లు తీసేస్తే చేను మళ్లీ ఎప్పటిలాగే ఉంటుంది. లెన్స్ తీస్తే కన్నూ అంతే.

గట్టి లెన్స్ కార్నియాని ఏం చేస్తుంది

ఇక నా ఎడమ కన్ను సంగతి. మొదటి లెన్స్ ఒక ఊళ్లో ఒక అద్దాల షాపులో చేయించుకున్నాను. కార్నియా వంపు, మందం కొలిచే స్కాన్ లేదు, రంగు చుక్క పరీక్ష లేదు. మెషీన్‌లో ఒక అంకె చూసి లెన్స్ ఇచ్చేశారు. చూపు అద్భుతం. ఎదురుగా ఉన్న షాపు బోర్డు మీద ఫోన్ నంబరు చదివి ఏడ్చినంత పని చేశాను. సాయంత్రానికి మంట. "అలవాటవుతుంది" అన్నారు. నిజంగానే అలవాటైంది. గట్టి లెన్స్ ఏళ్ల తరబడి పెడితే కార్నియాకి స్పర్శ తగ్గుతుంది. నొప్పి లేదంటే దెబ్బ లేదని కాదు, ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

రెండేళ్ల తర్వాత పెద్ద ఆసుపత్రిలో కంట్లో పసుపు రంగు చుక్క వేసి, నీలం లైటు పెట్టి, నన్నూ తెర మీద చూడమన్నారు. లెన్స్ కింద కన్నీరు నిలిచినచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. లెన్స్ నేరుగా ఆనిన చోట రంగు ఉండదు, నల్లగా కనపడుతుంది. నా కంట్లో సరిగ్గా మొన మీద బఠాణీ గింజంత నల్లమచ్చ. అంటే రెండేళ్లుగా లెన్స్ బరువంతా ఆ పలచటి మొనే మోసింది. రెప్ప వేసిన ప్రతిసారీ దాన్ని రాసింది. పైచర్మం గీసుకుపోయి, మానుతూ, మళ్లీ గీసుకుపోతూ చివరికి లోపల మచ్చ కట్టింది. మచ్చ పోదు.

మంచి ఫిట్టింగ్‌లో ఆ నలుపు మొన మీద చాలా పలచగా, తాకీ తాకనట్టు ఉంటుంది. బరువు మొనకి అటూ ఇటూ పంచుకుంటుంది. అందుకే దాన్ని మూడుచోట్ల ఆనే ఫిట్టింగ్ అంటారు. అమెరికాలో 1,209 మంది కెరటోకోనస్ రోగులను ఎనిమిదేళ్లు గమనించిన క్లెక్ అనే పెద్ద అధ్యయనంలో, కొత్తగా మచ్చ పడటానికి ముడిపడిన కారణాల్లో నాలుగు ముఖ్యమైనవి: వంపు 52 డయాప్టర్లు (కార్నియా వంపు కొలిచే లెక్క) దాటడం, వయసు ఇరవైకి లోపు ఉండటం, రంగు చుక్క వేస్తే కార్నియా మీద గీతలు బాగా కనపడటం, కాంటాక్ట్ లెన్స్ వాడటం. రోగం ముదిరినవాళ్లే లెన్స్‌కి వెళ్తారు కదా, తప్పంతా లెన్స్‌దే ఎలా అవుతుందని అడగొచ్చు. వంపునీ వయసునీ లెక్కలోకి తీసుకున్నాక కూడా లెన్స్ పేరు ఆ జాబితాలో మిగిలింది. అలాగని లెన్స్ మానేయమని ఎవరూ అనలేదు. మొన మీద ఎంత ఆనుతోందో ఏటా చూపించుకోవాలని మాత్రం నేను అర్థం చేసుకున్నాను.

ఇంకో ప్రభావం తాత్కాలికం. రోజంతా చెప్పు వేసుకుని విప్పితే పట్టీ ముద్ర ఉంటుంది కదా, గట్టి లెన్స్ తీశాక కార్నియా మీదా అలాంటి నొక్కు కొన్నాళ్లు ఉంటుంది. కాస్త చదునుగా కనపడుతుంది. అప్పుడే స్కాన్ తీస్తే రోగం తగ్గిందనో ఆగిందనో తప్పు లెక్క వస్తుంది. అందుకే స్కాన్‌కి ముందు లెన్స్ మానమంటారు. గట్టి లెన్స్ అయితే తరచుగా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కొట్లో కూర్చునేవాడికి రెండు కళ్లూ ఒకేసారి మానడం కుదరదు. ఒక్కో కన్ను చొప్పున స్కాన్ చేయమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

మూడోది గాలి. కార్నియాలో రక్తనాళాలు లేవు, ఆక్సిజన్‌ని ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది. పాత రోజుల అక్రిలిక్ లెన్సులు గాలిని పోనిచ్చేవి కావు, ఇప్పటి ఆర్‌జీపీ పోనిస్తుంది. చాలినంత గాలి లేకపోతే కార్నియా వాస్తుంది, అంచు నుంచి ఎర్ర నరాలు లోపలికి పాకుతాయి. లెన్స్‌తో నిద్రపోవద్దనేది ఇందుకే.

ఆర్‌జీపీనా, స్క్లెరలా

ఆర్‌జీపీ తొమ్మిది పది మిల్లీమీటర్లు ఉంటుంది, కార్నియా మీదే కూర్చుంటుంది. స్క్లెరల్ పదిహేను నుంచి పద్దెనిమిది మిల్లీమీటర్లు. అది కార్నియాని అసలు తాకదు. దాని అంచు తెల్లగుడ్డు మీద ఆనుతుంది, మధ్యలో సెలైన్ నిండిన గుమ్మటంలా నిలుస్తుంది. బరువంతా తెల్లగుడ్డుదే. నా ఎడమ కన్ను మొనకి మచ్చ పడ్డాక స్క్లెరల్‌కి మారింది అందుకే. కుడి కన్ను వంపు తక్కువ, ఆర్‌జీపీ పలచగా ఆనుతోంది, మచ్చ లేదు. దాన్ని కదపలేదు.

వాడకంలో తేడా చాలా ఉంది. ఆర్‌జీపీ పెట్టడానికి పది సెకన్లు చాలు. స్క్లెరల్‌కి బల్ల మీద అద్దం పరిచి, తల పూర్తిగా వంచి, ప్లంజర్ అనే చిన్న రబ్బరు పిడి మీద తిరగేసిన గొడుగులా లెన్స్ ఉంచి, ప్రిజర్వేటివ్ లేని సెలైన్ అంచుదాకా నింపి, రెండు రెప్పలూ విడదీసి, కిందనుంచి పైకి తేవాలి. ఒక్క బుడగ చిక్కిందా, తీసి మళ్లీ మొదలు. మొదటి వారం నాకు ఒక్కోసారి నలభై నిమిషాలు పట్టేది, చొక్కా తడిసేది, మా ఆవిడ తువ్వాలు పట్టుకుని నిలబడేది. ఇప్పుడు రెండు నిమిషాలు.

దుమ్ము విషయంలో మాత్రం స్క్లెరల్‌కి సాటి లేదు. మన వైపు దాళ్వా నూర్పిడి రోజుల్లో ఊక, పీచు యార్డుల దగ్గర కొబ్బరి పొట్టు, చెరువు గట్ల మీద గాలి. ఆర్‌జీపీ కింద ఒక్క నలుసు పడితే బండి రోడ్డు మీద ఆపేయాల్సిందే, కంట్లో సూది గుచ్చినట్టుంటుంది. ఆర్‌జీపీ జారిపోతుంది కూడా. నాది ఒకటి చెరువు గట్టు మీద పడింది, ఇద్దరు కూలీలు, నేనూ, ఫోన్ లైట్లు వేసి గంట వెతికాం. ఏరేటర్ నురుగులో కలిసిందో ఏమో, దొరకలేదు. స్క్లెరల్ అలా ఊడి పడటం అరుదు.

స్క్లెరల్‌కీ పేచీలు ఉన్నాయి. మూడు నాలుగు గంటలయ్యేసరికి లోపలి సెలైన్ మసకబారుతుంది కొందరికి. మధ్యాహ్నం తీసి కడిగి మళ్లీ పెట్టాలి. నాకు ఎండాకాలంలో ఇదే పని. లెన్స్ మందం, దానికింద నీటి మందం రెండూ దాటి గాలి వెళ్లాలి కాబట్టి ఆక్సిజన్ కొంత తగ్గుతుంది. మామూలు కంటికి ఇది పెద్ద ఇబ్బంది కాదు గానీ, కార్నియా మార్పిడి అయిన కంట్లో కార్నియా లోపలి పొర కణాలు తక్కువుంటే డాక్టరు బాగా ఆలోచించి ఇస్తారు. రోజులు గడిచేకొద్దీ లెన్స్ కొంత దిగి కూర్చుంటుంది. మొదట్లో మధ్యలో ఉన్న ఖాళీ తర్వాత ఉండకపోవచ్చు. కొన్ని గంటలు పెట్టుకున్నాక కొలవమని అడగాలి. అంచు బిగిస్తే సాయంత్రం తీసేసరికి తెల్లగుడ్డు మీద గుండ్రటి ముద్ర, ఎర్రదనం ఉంటాయి.

డబ్బు తేడా చిన్నది కాదు. ఆర్‌జీపీ వేలల్లో అయిపోతే స్క్లెరల్ పదివేలల్లో ఉంటుంది, సెలైన్ ఖర్చు నెలనెలా అదనం. ఫిట్టింగ్‌కి తిరగడమూ ఎక్కువే. ట్రయల్ లెన్సులు, స్కాన్, తర్వాత సరిదిద్దడం అన్నీ ఒకేచోట ఉండాలి. పాలకొల్లు, భీమవరం వైపు వాళ్లకి గుడివాడ మీదుగా విజయవాడ రైలు ఉంది. తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి శాఖ ఉంది, విశాఖలోనూ ఉంది. కాకినాడ, రాజమండ్రిలో చేయించుకుంటామంటే తప్పు లేదు. అక్కడ కెరటోకోనస్ కళ్లకి రోజూ లెన్స్ పెట్టే మనిషి ఉన్నారా అని మాత్రం అడగండి. లెన్స్ బ్రాండ్ కన్నా ఆ మనిషి చెయ్యి ముఖ్యం.

ఈ రెండింటి మధ్య రాజీ మార్గాలు కూడా ఉన్నాయి. కింద మెత్తటి లెన్స్, దాని మీద ఆర్‌జీపీ పెట్టడం ఒకటి, దాన్ని పిగ్గీబ్యాక్ అంటారు. రుద్దుడు తగ్గుతుంది గానీ రెండు లెన్సుల సంరక్షణ, గాలి కూడా తక్కువ. నడుమ గట్టిగా, అంచు మెత్తగా ఉండే హైబ్రిడ్ ఇంకొకటి. ఆర్‌జీపీ ఓర్చుకోలేక, స్క్లెరల్ కొనలేక మధ్యలో చిక్కుకున్నవాళ్లకి పిగ్గీబ్యాక్ కొన్నాళ్లు గట్టెక్కిస్తుంది. శాశ్వతంగా దాని మీద ఉండమని నేను చెప్పను.

నీళ్లు: ఇది మన ఊళ్ల సమస్య

డెల్టాలో పుట్టినవాడికి నీళ్లంటే భయం ఉండదు. అదే తంటా. మన కుళాయిల్లోకి వచ్చేది ఎక్కువచోట్ల కాలువ నుంచి మంచినీళ్ల చెరువులో నింపి వదిలే నీరు. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ చెరువుల రంగు మీకు తెలిసిందే. అకాంతమీబా అనే సూక్ష్మజీవి కుళాయి నీళ్లలో, బావిలో, చెరువులో అన్నిట్లో బతుకుతుంది. లెన్స్ మీద నుంచి గీసుకున్న కార్నియాలోకి దిగిందంటే నెలల తరబడి చికిత్స. ఒక్కోసారి కన్నే పోతుంది. లెన్స్ గాని, డబ్బా గాని, ప్లంజర్ గాని కుళాయి నీళ్లతో కడగకూడదు, సొల్యూషన్‌తోనే కడగాలి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకున్నాకే లెన్స్ ముట్టాలి. పుష్కరాల రేవులో మునిగినా, ఇంటి దగ్గర తల స్నానం చేసినా లెన్స్ ముందే తీసేయాలి. మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు పర్లేదని ఒకరు నాతో వాదించారు. పర్లేదు కాదు, అవీ పనికిరావు.

వరి ఆకో, కొబ్బరి మట్టో కంటికి గీసుకుంటే ఆ కంట్లో లెన్స్ పెట్టకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి. పొలం దెబ్బలకి ఫంగస్ తగులుకుంటుంది. అలాగే ఉన్నట్టుండి చూపు మసకేసి, కార్నియా తెల్లగా ఉబ్బి, నొప్పితో నీళ్లు కారితే అది హైడ్రాప్స్ కావచ్చు. లోపలి పొర చిట్లి నీరు చేరడం అన్నమాట. లెన్స్ తీసేసి వెంటనే వెళ్లాలి.

నేను ఎలా ఎంచుతానంటే

అద్దాలతో పని నడుస్తుంటే అద్దాలే. అవి చాలక, వంపు మరీ ఎక్కువ కాకపోతే, నీలం లైటు కింద పలచగా ఆనే ఆర్‌జీపీ. ఖర్చు తక్కువ, కార్నియాకి గాలి బాగా ఆడుతుంది. మొన మీద నలుపు ముదురుగా ఉన్నా, గీతలు పడుతున్నా, మచ్చ మొదలైనా, దుమ్ములో తిరిగే ఉద్యోగమైనా అప్పుచేసైనా స్క్లెరల్‌కి మారమంటాను. లెన్స్‌తోనూ చూపు రాక, మచ్చ నడిమధ్యలో ఉంటే అప్పుడు కార్నియా మార్పిడి మాట. దాన్ని లెన్స్ బాధ తప్పించే దారి అనుకోకండి. మార్పిడి చేయించుకున్నవాళ్లలో చాలామందికి మళ్లీ గట్టి లెన్సే కావాలి, పైగా పెట్టిన కార్నియాని ఒళ్లు ఒప్పుకోక తిప్పికొడుతుందేమోనని (రిజెక్షన్) జీవితాంతం టెన్షన్.

మేనల్లుడిని తీసుకుని తెల్లవారుజామున నేనే వెళ్లాను. కుడి కంట్లో ఆరు నెలల్లో వంపు పెరిగిందని రెండు స్కాన్లు పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ కంటికి క్రాస్‌లింకింగ్, కాలేజీలో అర్ధసంవత్సర పరీక్షలు అవగానే. ఎడమ కంటికి నాలుగు నెలలకి మళ్లీ స్కాన్. కాలేజీలో బోర్డు కనపడటానికి ప్రస్తుతం కొత్త అద్దాలు, మొదటి బెంచీ. క్రాస్‌లింకింగ్ తర్వాత కన్ను మాని, డాక్టరు సరేనన్నాకే లెన్స్ కొలతలు.

తిరుగు ప్రయాణంలో వాడు రెండుసార్లు కంటి దాకా చెయ్యి ఎత్తి, నన్ను చూసి దించేశాడు. బావగారు మాత్రం ఇంకా లెన్స్ రేటు అడుగుతూనే ఉన్నారు.